గల్లంతైన అభ్యర్థి

రేడియో మాటలో సగం గాలికి పోయింది, సగం చెవిలో పడింది. ఆ పడ్డ సగమే మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

"రెండో నియోజకవర్గం..." అంది రేడియో గరగరమంటూ. ఆ తర్వాత కాసేపు ఉత్త గాలి. ఆ గాలిలోంచి అద్దంలా స్పష్టంగా రెండు ముక్కలు. "డెడ్... ఈవెన్." అంతే, ఆ వార్త విని తట్టుకోలేనట్టు బ్యాటరీ కూడా ప్రాణం విడిచింది.

గడ్డకట్టిన సరస్సు మీద, చెక్కల గుడిసెలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని మంచులో తొలిచిన కన్నంలోకి గాలం వేసుకున్న ఏవెన్ ట్వేట్ కొయ్యబారిపోయాడు.

ఆయన పేరు ఏవెన్. తాత నార్వే నుంచి చెక్కపెట్టెతో పాటు మోసుకొచ్చిన పేరు. నోర్బీ ఊళ్లో ముసలీముతకా అందరూ ఏవెన్ అనే పిలుస్తారు. మినియాపొలిస్‌లో కూర్చుని వార్తలు చదివే ఆ రేడియో మనిషి ఒక్కడికే అది నోరు తిరగదు. ఎన్నికల కాలమంతా "ఈవెన్ ట్వేట్, ఈవెన్ ట్వేట్" అంటూ పేరుకు గుడి కట్టి మరీ దీర్ఘం తీశాడు. బతికుండగానే గుడి కట్టించుకున్న అభ్యర్థిని నేనొక్కణ్ణే అని ఏవెన్ నవ్వేవాడు. ఊరి చెవులు కూడా ఆ పలుకుబడికి అలవాటు పడిపోయాయి. రేడియోలో ఈవెన్ అని వినిపిస్తే మన ఏవెన్ గురించేలే అనుకునేవారు.

ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు. మొదటి లెక్కింపులో గార్డన్ హౌగ్‌డాల్ కంటే ఆయన రెండు ఓట్లు వెనకబడ్డాడు. రెండో నియోజకవర్గంలో, రెండు ఓట్ల తేడాతో, రెండో స్థానం. మళ్లీ లెక్కపెట్టమని అడిగితే ఆ తిరగలెక్కింపు ఫలితాలు ఇవాళ నియోజకవర్గాల వారీగా చదువుతున్నారు. వినలేక పొద్దున్నే చేపలకని వచ్చాడు. వినకుండా ఉండలేక రేడియో తెచ్చుకున్నాడు.

"ఓడిపోయాడని చెప్తే సరిపోయేది," అని చేపలకు చెప్పుకున్నాడు. "పోయాడని చెప్పాలా."

ఓట్లు ఆయన దగ్గర ఎప్పుడూ నిలిచింది లేదు, ఓటి కుండలో నీళ్లే. నిలబడ్డ ప్రతిసారీ జనం మర్యాదగా కూర్చోబెట్టారు. అయినా మళ్లీ మళ్లీ ఎందుకు నిలబడతావయ్యా అంటే ఒకటే కారణం చెప్పేవాడు. చాలా ఏళ్ల కిందట రాజధాని సెయింట్ పాల్ వెళ్లి రాష్ట్ర శాసనసభ చూసొచ్చాడు. అక్కడ హాజరు పిలుస్తారు. ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే ఒక్కొక్కరూ తల ఎత్తి "ఉన్నాను" అంటారు. ఎక్కడో అడవుల చివర, సరస్సుల చివర, పటంలో వేలితో వెతుక్కోవాల్సిన ఊళ్లన్నీ ఆ ఒక్క మాటతో గదిలోకి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది ఆయనకు. నోర్బీ తరఫున ఒక్కసారి ఆ మాట అనాలి. ఈసారి కాకపోతే ఇక లేదు. వయసు అయిపోతోంది, ఊళ్లో ఓటర్లూ అయిపోతున్నారు.

గాలం చుట్టేస్తుండగా గంట మోగింది.

ఒడ్డున చర్చి గంట. పొగమంచులోంచి ఆ మోత దుప్పటి కప్పుకుని వచ్చింది. ఆ ఊళ్లో ఎవరైనా పోతే, పోయినవాళ్ల వయసు ఎంతో అన్ని దెబ్బలు కొడతారు. వినేవాళ్లు ఊరికే ఉండలేక లెక్కపెడతారు. ఏవెన్ కూడా పెట్టాడు. చిన్నవాళ్ల వయసు దాటింది, హమ్మయ్య అనుకున్నాడు. నడివయసు దాటింది. ముసలి టూరా అయి ఉంటుందిలే, తొంభై దాకా కొట్టాలి పాపం, చేతులు పడిపోతాయి అనుకుంటుండగా గంట ఆగింది.

సరిగ్గా తన వయసు దగ్గర ఆగింది.

ఊళ్లో ఆ వయసువాళ్లు ఇద్దరే. ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు, ఒకే సీటు కోసం ఇన్నేళ్లుగా కొట్టుకుంటున్నారు. గార్డన్ పోయాడా! ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గుండెలో ఏదో చిన్న దీపం వెలిగింది. అయితే సీటు నాదేనా? వెంటనే సిగ్గుతో అది ఆరిపోయింది. ఆరిపోయిన ఆ చీకట్లో రేడియో మాట మళ్లీ వినిపించింది. డెడ్. ఈవెన్.

గార్డన్ కాదు.

ఏవెన్ గుడిసె తలుపు తీశాడు. బయట ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు. ఆకాశం తెలుపు, నేల తెలుపు, మధ్యలో ఉన్నదీ తెలుపే. ఒడ్డు ఎటో పొద్దున తను వేసుకొచ్చిన అడుగులే చెప్పాలి. వాటినే పట్టుకుని నడిచాడు. కొంత దూరం పోయాక అడుగుల ముందు మంచు లేదు, నల్లటి నీళ్లు ఉన్నాయి. తను వచ్చాక ఎప్పుడో సరస్సు నిలువునా నోరు తెరిచింది. పగులుకు అవతల తన అడుగులు కనిపిస్తున్నాయి. ఒడ్డు నుంచి వచ్చి, తిన్నగా నీళ్లలోకి దిగి ఆగిపోయినట్టున్నాయి. అవతల నుంచి చూసేవాడికి ఈ గుడిసె కనబడదు, ఈ మనిషీ కనబడడు. అడుగులు ఒక్కటే కనబడతాయి, అవి ఎక్కడ ఆగాయో కనబడుతుంది.

నేను దీన్ని దాటే వచ్చానా? దాటాననుకుంటున్నానా?

ఏవెన్ ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి కదిలాడు. పగులు అంచు వెంబడే చాలా దూరం చుట్టు తిరిగాడు. ఊపిరి గడ్డం మీద, కనుబొమల మీద, టోపీ మీద పేరుకుని గడ్డకట్టింది. ఒడ్డుకు చేరేసరికి తల నుంచి కాళ్ల దాకా తెల్లగా, ఉప్పులో ఊరేసిన చేపలా ఉన్నాడు.

ఒడ్డున ఆర్నె బ్రెక్కె నిలబడి ఉన్నాడు. చిన్ననాటి స్నేహితుడు, పక్క పొలంవాడు. చేతిలో తాడు చుట్ట. పిలిస్తే పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఆర్నె మెల్లగా టోపీ తీశాడు.

వాళ్ల నానమ్మలు చెప్పిన కథ ఒకటుంది. నీళ్లలో పోయినవాడు పొగమంచు పట్టిన రోజున తెల్లగా లేచి ఒడ్డుకొస్తాడు. వాణ్ణి ద్రౌగ్ అంటారు. వాడు పిలిస్తే పలకకూడదు, ముట్టుకోకూడదు, వీపు చూపకూడదు. మర్యాదగా మాట్లాడి పంపెయ్యాలి. ఆర్నె ఆ కథలు నమ్మనని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి.

"మీ అక్క సంగతి మేం చూసుకుంటాం, ఏవెన్," అన్నాడు ఆర్నె, గొంతు పెంచకుండా. "కట్టెలు నేను కొట్టిస్తాను. దారిలో మంచు తీయిస్తాను. నీకేం దిగుల్లేదు. నువ్వు సుఖంగా వెళ్లు."

"ఎక్కడికి రా వెళ్లేది?"

ఆర్నె దానికి జవాబివ్వలేదు. కథలో జవాబివ్వకూడదని ఉంది కదా. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, కళ్లు ఇటే పెట్టి, పొగమంచులోకి కలిసిపోయాడు. ఏవెన్ కాసేపు తన రెండు చేతుల వంకా చూసుకుంటూ నిలబడ్డాడు. చేతొడుగులు తీసి ఒక చేత్తో ఇంకో చేతిని గిల్లాడు. చలికి మొద్దుబారిన వేళ్లకు ఏమీ తెలియలేదు.

ఇంటి తలుపుకు తాళం వెయ్యలేదు. అక్క బొర్గిల్డ్ లేదు. వంటింటి బల్ల మీద మాత్రం హాట్‌డిష్‌లు వరసగా ఉన్నాయి. ఆ ఊళ్లో చావు కబురు కంటే ముందు చేరేది అదే, గొడ్డుమాంసం కీమా మీద వేయించిన బంగాళాదుంప ముక్కలు పేర్చి కాల్చిన గిన్నె. గిన్నెలు తిరిగి ఇవ్వడానికి వీలుగా అడుగున ఎవరిది వాళ్లు పేరు రాసిన అతుకుపట్టీ అంటిస్తారు. ఏవెన్ ఒక్కో గిన్నే ఎత్తి అడుగున చూశాడు. ఓటు వేస్తారనుకున్నవాళ్లూ ఉన్నారు, వెయ్యరని తెలిసినవాళ్లూ ఉన్నారు. పోలైన ఓట్లలో రాని మెజారిటీ పోయిన మనిషికి వచ్చినట్టుంది.

పడకగదిలో మంచం మీద ఆయన నల్లసూటు చక్కగా మడత విప్పి పరిచి ఉంది. గెలిస్తే ప్రమాణానికని కుట్టించుకున్నది. చేతులు రెండూ గుండెల మీదికి మడిచి పెట్టారు. లోపల మనిషి లేకపోవడం ఒక్కటే తక్కువ. ఏవెన్ దాని వంక చూశాడు, అదీ తన వంక చూస్తున్నట్టే అనిపించింది. చావు జరిగిన ఇంట్లో కప్పే ఆచారం ప్రకారం గోడ అద్దం మీద దుప్పటి కప్పి ఉంది. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, దుప్పటి పైకెత్తి చూశాడు. అద్దంలో ఎవరూ లేరు. తెల్లటి మసక ఒక్కటే ఉంది.

అంత చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి వస్తే కళ్లజోడుకు ఆవిరి పడుతుందన్న మాట కాస్త ఆలస్యంగా గుర్తొచ్చి, జోడు తీసి తుడిచి మళ్లీ చూసుకున్నాడు. అద్దంలో ముసలి మొహం ఒకటి వచ్చి నిలబడింది. అది కూడా పూర్తిగా నమ్మినట్టు లేదు.

వంటింట్లోకి వచ్చి ఒక హాట్‌డిష్ మధ్యలోంచి చెంచాడు తీసి నోట్లో పెట్టుకున్నాడు. నాలుక చుర్రుమంది. పోయినవాళ్లకు నాలుక కాలుతుందా? దీని మీద నానమ్మ ఏమీ చెప్పలేదు. నూకలు చెల్లినవాడినా, లేక చెల్లని ఓటునా నేను అనుకుంటూ, ఇంకో రెండు చెంచాలు తిని చర్చి వైపు నడిచాడు.

చర్చి ముందు ఊళ్లోని బళ్లన్నీ ఉన్నాయి. కింది హాల్లో కాఫీ వాసన, పింగాణీ కప్పుల చప్పుడు. ఏవెన్ మెట్లు సగం దిగి, మలుపు దగ్గర గోడ చాటున ఆగాడు. లోపలికి వెళ్లడానికి భయం వేసింది. పలకరిస్తే ఎవరూ పలకకపోతే?

శాసనసభకు వెళ్లాలనుకున్న మనిషి తన సంతాపసభకు వచ్చాడు.

లోపల ఆర్నె తను చూసింది చెప్తున్నాడు. తెల్లగా వచ్చిందనీ, పేరు పెట్టి పిలిచిందనీ, మర్యాద తప్పకుండా మాట్లాడి పంపేశాననీ అంటున్నాడు. మరెవరో పగులు దాకా పోయిన అడుగుల గురించి చెప్పారు. మనిషి తేలాడా అని ఒకరు అడిగితే, ఫలితమూ తేల్లేదు, మనిషీ తేల్లేదు అని ఇంకొకరు నిట్టూర్చారు. ఇన్నేళ్లూ ఎన్నికల్లో గల్లంతయ్యేవాడు, చివరికి నీళ్లలో గల్లంతయ్యాడు అని ఎవరో అనబోయి మధ్యలో మింగేశారు. తర్వాత ఒకరి వెనక ఒకరు తాము ఏవెన్‌కే వేశామని చెప్పడం మొదలుపెట్టారు. గోడ చాటున ఏవెన్ ఆ ఓట్లు కూడుకుంటూ పోయాడు. మొత్తం చూస్తే ఊరి జనాభా మీద ఇంకొంత ఎక్కువే వచ్చింది.

అప్పుడు బొర్గిల్డ్ నోరు విప్పింది. ఆమెకు వినికిడి తక్కువ. అందుకే రహస్యం కూడా ఊరందరికీ వినపడేలా చెప్తుంది.

"నేను వెయ్యలేదు," అంది.

కప్పుల చప్పుడు ఆగిపోయింది.

"గార్డన్‌కి వేశాను. వీడు గెలిస్తే జనవరిలో పోయి మళ్లీ ఎండలు ముదిరాక గానీ రాడు. చలికాలమంతా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. మాట వినబడని దానికి మాట్లాడే మనిషైనా ఎదురుగా ఉండాలి కదా. వీడి పెదాలు చూస్తే నాకు అర్థమవుతుంది, ఇంకెవరివీ అర్థం కావు. వీణ్ణి ఉంచుకుందామని వేశాను." ఆగింది. "ఉంచుకున్నానుగా."

మెట్ల మలుపులో ఏవెన్ గోడకు ఆనుకున్నాడు. కోపం రావాలి. వచ్చే దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. అక్కకు ఎదురుగా కూర్చుని రేడియో వార్తలన్నీ పెదాలతో మళ్లీ చెప్పే సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఇవాళ చెప్పేవాడు లేక ఆమె ఒంటరిగా రేడియోకు చెవి ఆనించి ఉంటుంది.

అంతలో హాలుకు అటు చివర, వీధి తలుపు తోసుకుని లవాన్ స్టోర్డాల్ వచ్చింది. కౌంటీ ఎన్నికల అధికారిణి. చంకలో ఖాళీ కాఫీ డబ్బా. వెనకాలే గార్డన్ హౌగ్‌డాల్. ఇద్దరి బూట్ల నిండా మంచు. ఏవెన్ ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తరేమిటని ఆమె విసుక్కుంది. ఊరంతా ఇక్కడే చేరారని తెలిసి ఇటే వచ్చేశానంది. తంతు చూడ్డానికి ఇంతమంది రావడం సంతోషమంది. నలుగురి ఎదుట జరిగితే చాలు, చోటుతో పని లేదంది. ఎవరైనా ఏదైనా చెప్పేలోపే కాఫీ డబ్బా బల్ల మీద పెట్టి, కోర్టు గొంతుతో మొదలుపెట్టింది. పొద్దు గుంకేలోపు పని పూర్తి కావాలి, ఆమెకు ఆ ఒక్కటే ధ్యాస.

"రెండో నియోజకవర్గం అభ్యర్థులు హాజరు చెప్పాలి. గార్డన్ హౌగ్‌డాల్?"

"ఉన్నాను."

"ఏవెన్ ట్వేట్?"

హాలు మొత్తం నేల చూపులు చూసింది. పాస్టర్ గారు ఏదో చెప్పడానికి ముందుకొచ్చారు.

"ఉన్నాను," అంది మెట్ల మీది నుంచి ఒక గొంతు.

ఆ మాట మామూలు గొంతుతోనే వచ్చింది. తెల్లటి మనిషి ఒక్కో మెట్టే దిగాడు. గడ్డంలోంచి మంచు కరిగి నీళ్లు కారుతున్నాయి, నడిచిన చోటల్లా తడి. నీళ్లలోంచి లేచొచ్చినవాడు ఎలా ఉంటాడని నానమ్మలు చెప్పారో అచ్చం అలాగే ఉన్నాడు. ముందు వరస వెనక వరసలోకి, వెనక వరస గోడలోకి జరిగాయి. ఆర్నె మళ్లీ టోపీ తీశాడు. గంట కొట్టిన పెద్దమనిషి తను కొట్టిన దెబ్బల్లో ఏమైనా తప్పు పోయిందా అన్నట్టు వేళ్లు మడుస్తున్నాడు. లవాన్ ఒక్కత్తే, మనిషి ఆలస్యంగా వచ్చినందుకు చిరాకుపడింది.

బొర్గిల్డ్ కదలలేదు. ఆయన దగ్గరికి వచ్చాక చెయ్యి చాచి తమ్ముడి మొహం పట్టుకుంది, పెదాల మీద చూపు నిలిపింది.

"మాట్లాడరా," అంది.

"చల్లగా ఉంది అక్కా, కాఫీ ఉందా?" అన్నాడు ఏవెన్.

ఆ పెదాలు ఆమె చదివింది. ఆ తర్వాతే మొహం వదిలింది.

లవాన్ ఆగే మనిషి కాదు. ఇద్దరికీ ఓట్లు సమానంగా వచ్చాయి కాబట్టి చీటీ తీయాలంది. సీటు ఇక చీటీలో ఉందంది. రెండు చీటీలు అందరికీ చూపించి, ఒకేలా మడిచి, డబ్బాలో వేసి గిలకరించింది. అభ్యర్థులిద్దరూ ఒప్పుకున్నవాళ్లు ఎవరైనా తీయొచ్చంది. గార్డన్ తనకేం పట్టింపు లేదన్నాడు.

"మా అక్క తీస్తుంది," అన్నాడు ఏవెన్.

ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే బొర్గిల్డ్‌కి తక్కువ అర్థమైంది. ఏవెన్ ఆమె చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెట్టాడు. ఆమె తమ్ముడి కళ్లలోకి చాలాసేపు చూసింది. మెట్ల వైపు చూసింది, తను అంత గట్టిగా అన్న మాట ఎంత దూరం వినిపించి ఉంటుందో కొలుస్తున్నట్టు. ఏవెన్ మొహంలో ఏమీ లేదు. ఆమె కళ్లు మూసుకుని చెయ్యి లోపల పెట్టింది. తీసింది.

లవాన్ మడత విప్పింది.

"ఏవెన్ ట్వేట్."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇందాకటి దాకా ఏడ్చిన చేతులు వెంటనే ఎలా కొడతాయి? గార్డన్ దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు, ఇన్నేళ్లకి నా చీటీ చిరిగిందయ్యా అన్నాడు, కాస్త బరువుగానే. ఏవెన్‌కు కలలో నడుస్తున్నట్టుంది. ఆయన అక్క వైపే చూస్తున్నాడు.

"జనవరికా?" అంది బొర్గిల్డ్.

"జనవరికే అక్కా."

"పొద్దున ఒకసారి పోయావు," అంది ఆమె. "ఇప్పుడు మళ్లీ."

ఏవెన్ ఆమె పక్కన బెంచీ మీద కూర్చుండిపోయాడు. తనతో వచ్చెయ్యమనీ, సెయింట్ పాల్‌లో గది చూస్తాననీ, ఎదురుగా కూర్చుని రోజూ సభలో ఏం జరిగిందో పెదాలతో చెప్తాననీ అన్నాడు. అక్కడ వీధులు దాటడం తన వల్ల కాదంది ఆమె. చూద్దాంలే అంది. రానని మాత్రం అనలేదు.

ఆర్నెకు ఇదేదీ పట్టలేదు. వాడు ఇంకా గోడకు వీపు ఆనించే నిలబడి ఉన్నాడు.

"లవాన్ గారూ, సీటు తర్వాత. ముందు ఈ మనిషి సంగతి తేల్చండి," అన్నాడు. "పోయాడని రేడియోలోనే చెప్పారు. ఊరు ఊరంతా విన్నది. డెడ్, ఈవెన్ అని."

తనూ అదే విన్నానన్నాడు ఏవెన్.

లవాన్ తల తిప్పింది. చుట్టూ ఉన్న నల్లబట్టలు, పువ్వులు, పాస్టర్ గారి చేతిలోని పుస్తకం, అన్నీ అప్పుడే మొదటిసారి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుని, పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పింది. మధ్యాహ్నం రేడియోకు ఫలితం పంపింది తనే. రెండో నియోజకవర్గంలో ఇద్దరికీ ఓట్లు సరిసమానం అని పంపింది. దాన్నే ఆ మనిషి డెడ్ ఈవెన్ అని చదివాడు. అంటే రవ్వంత తేడా లేకుండా సమానమని. పలకలు అతికేటప్పుడు, కేకు కోసేటప్పుడు మీరందరూ అనే మాటే కదా అంది. ఆ మనిషి అన్నాళ్లూ ఏవెన్‌ను ఈవెన్ చేసి చదివాడు కాబట్టి, ఒక్కసారి ఈవెన్‌ను ఈవెన్ అని సరిగ్గా చదివినా మీ చెవులు దాన్ని మనిషిని చేసేశాయి అంది.

హాల్లో ఒక్కొక్కరి మొహంలో అర్థం కావడం మొదలైంది. గంట కొట్టిన పెద్దమనిషి వేళ్లు మడవడం ఆపాడు. ఆర్నె గోడ వదిలి, వచ్చి, స్నేహితుడి భుజం మీద ఒక వేలు పెట్టి చూశాడు, తర్వాత మొత్తం చెయ్యి పెట్టాడు.

"ఏమంటోంది?" అంది బొర్గిల్డ్, తమ్ముడి పెదాల వైపు తిరిగి.

ఏవెన్ ఆమెకు ఎదురుగా జరిగి, మెల్లగా, ఒక్కో అక్షరం కనబడేలా చెప్పాడు.

"చచ్చింది నేను కాదు అక్కా. మా ఇద్దరి మధ్య ఉన్న తేడా."